మనసులు కలిపే పని పక్కన పెట్టండి, పని పంపకం కనబడేలా చేయండి

ప్రశ్న: విశ్వవిద్యాలయంలో ఒక శాఖకు ఆరు నెలల క్రితం అధిపతినయ్యాను. పద్నాలుగు మంది రెగ్యులర్ అధ్యాపకులు, ముగ్గురు గెస్ట్ ఫ్యాకల్టీ, ఐదుగురు నాన్‌టీచింగ్ సిబ్బంది ఉన్నారు. ఇద్దరు సీనియర్ ప్రొఫెసర్లు నాలుగేళ్లుగా మాట్లాడుకోరు. ఒకరి దగ్గర పరిశోధన చేసే స్కాలర్లు మరొకరి ల్యాబ్ గడప తొక్కరు. టైమ్‌టేబుల్ వేసిన ప్రతిసారీ అందరూ ‘నాకే ఎక్కువ పడింది’ అంటారు. ఆఫీసు సూపరింటెండెంట్‌కూ అధ్యాపకులకూ పొసగదు. మీటింగు పెడితే మూడు గంటలు సాగుతుంది, ఏ విషయం ఎత్తుకున్నా పాత గొడవ దగ్గరే తేలుతుంది. పైనుంచి సర్క్యులర్లు ఆగవు. కలిసికట్టుగా పనిచేద్దామని రెండుసార్లు అందరినీ కూర్చోబెట్టి చెప్పాను, ఫలితం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకొకటి: శాఖ వాట్సాప్ గ్రూపు తగాదాల వేదికైపోయింది, మూసేయమంటారా?

సమాధానం: ఎవరి నెత్తిన ఎంత పని ఉందో ఎవరికీ తెలియని చోట, ఏ నిర్ణయం ఎవరు ఎప్పుడు తీసుకున్నారో కాగితం మీద లేని చోట, ‘కలిసి పనిచేద్దాం’ అన్న మాట ఎక్కువ భారం మోస్తున్నవాళ్లకు ‘నోరు మెదపకుండా మోయండి’ అన్నట్టే వినబడుతుంది. మీ మాట చెవికెక్కకపోవడానికి కారణం ఇదే. మనసులు కలపడం మీ చేతిలో లేదు. పని ఎలా పంచారో, నిర్ణయం ఎలా జరిగిందో అందరికీ కనబడేలా చేయడం మాత్రం పూర్తిగా మీ చేతిలో ఉంది. సంబంధాలు మెరుగుపడటం దాని వెనకే, కాస్త ఆలస్యంగా, వస్తుంది.

మొదటి మూడు వారాలు ఏమీ మార్చకండి. ఇరవై రెండు మందినీ విడివిడిగా, ఒక్కొక్కరిని అరగంట చొప్పున కలవండి. మీ గదికి పిలిపించుకోకుండా వాళ్లు కూర్చునే చోటికే వెళ్లండి. వరస అక్షరక్రమంలో పెట్టుకోండి. సీనియర్లతో మొదలుపెడితే వాళ్లు చెప్పిన కథే మీ బుర్రలో స్థిరపడి, తర్వాత విన్నదంతా దానికి అతుకుల్లా తోస్తుంది. అందరినీ అవే నాలుగు ప్రశ్నలు అడగండి. మీ సమయాన్ని ఎక్కువగా తింటున్న పని ఏది? ఈ ఏడాది జరిగిన ఏ నిర్ణయం ఎలా జరిగిందో మీకు ఇప్పటికీ అర్థం కాలేదు? ఎవరి దగ్గర్నుంచి మీకు రావాల్సింది సమయానికి రావడం లేదు? ఏది మార్చకూడదు? నాలుగో ప్రశ్న వదలకండి. కొత్త అధిపతి వచ్చి అంతా తిరగదోడతారన్న భయం దానితో తగ్గుతుంది. వాళ్లు పనుల గురించి చెప్పినదే రాసుకోండి, మనుషుల మీద చేసిన వ్యాఖ్యలు రాసుకోవద్దు. ఎవరికీ ఏ హామీ ఇవ్వొద్దు. ‘చూస్తాను’ అన్న మాటను కూడా విన్నవాళ్లు హామీగానే తీసుకుంటారు.

ఆ తర్వాత ముట్టుకోవలసింది వర్క్‌లోడ్, అంటే ఎవరి మీద ఎంత పని భారం ఉందన్నది. శాఖల్లో జరిగే తగాదాల్లో ఎక్కువ భాగం పైకి ఏ రూపంలో కనబడినా, లోపల తవ్వితే తేలేది ఇదే. వారానికి ఎన్ని పీరియడ్లు అన్న లెక్కతోనే టైమ్‌టేబుల్ వేస్తారు. ఆ లెక్క ఎంత తప్పుదారి పట్టిస్తుందో ఒక ఉదాహరణ చూడండి. సెమిస్టరు పదహారు వారాలు అనుకుందాం.

మొదటి అధ్యాపకుడికి ఏళ్లుగా చెబుతున్న రెండు కోర్సులు, ఒక్కోటి వారానికి నాలుగు గంటలు. క్లాసులో 128 గంటలు. తయారీ గంటకు గంట వేసుకుంటే ఇంకో 128. ఒక్కో కోర్సులో అరవై మంది విద్యార్థులు, రెండేసి పరీక్షలు, మొత్తం 240 పేపర్లు. పేపరుకు పదిహేను నిమిషాల చొప్పున 60 గంటలు. మొత్తం 316.

రెండో అధ్యాపకురాలికి మొదటిసారి చెబుతున్న ఒక కోర్సు, వారానికి నాలుగు గంటలు. క్లాసులో 64 గంటలు. కొత్త కోర్సు కాబట్టి గంట పాఠానికి రెండున్నర గంటల తయారీ, అంటే 160. రెండు బ్యాచులకు మూడేసి గంటల ప్రాక్టికల్స్, 96 గంటలు. రికార్డులు దిద్దడానికి అందులో సగం, 48. పేపర్లకు 30. టైమ్‌టేబుల్ బాధ్యత కూడా ఆవిడదే, సెమిస్టరుకు ఓ 40. మొత్తం 438.

ప్రాక్టికల్ గంటను సగంగా లెక్కించే ఆనవాయితీ చాలాచోట్ల ఉంది. ఆ లెక్కన మొదటివారికి వారానికి ఎనిమిది గంటలు, రెండోవారికి ఏడు. కాగితం మీద ఆవిడకే పని తక్కువ. అసలు లెక్కలో 122 గంటలు ఎక్కువ. ఆవిడ మీటింగులో గొంతు పెంచితే అందరూ ఆవిడ స్వభావం గురించి మాట్లాడుకుంటారు, ఈ 122 గంటల మాట ఎవరూ ఎత్తరు.

కాబట్టి గంటల పట్టిక తయారు చేయండి. బోధన, తయారీ, పేపర్లు, ప్రాక్టికల్స్, గైడ్‌గా ఒక్కో స్కాలర్‌కు వారానికి ఇంత అని, ఆపై కంటికి కనబడని పనులు: అడ్మిషన్లు, అక్రిడిటేషన్ డేటా, ఇన్విజిలేషన్ డ్యూటీలు వేయడం, విద్యార్థుల మెంటరింగ్, వెబ్‌సైటు. ఈ చివరి వరసను తప్పక రాయండి. ఎవరూ అడగరు కాబట్టి ఇవి ఒకరిద్దరి మీదే, సాధారణంగా కాదనలేని జూనియర్ల మీద, పేరుకుపోతాయి.

ఇక్కడ వరస ముఖ్యం. ముందు పేర్లు లేకుండా ప్రమాణాలు మాత్రమే శాఖ ముందు పెట్టి ఖరారు చేయించండి: పాత కోర్సుకు తయారీ ఎంత, కొత్తదానికి ఎంత, పేపరుకు ఎన్ని నిమిషాలు. పై ఉదాహరణలోవి నమూనా అంకెలు, మీ సబ్జెక్టుకు తగినట్టు మీరే తేల్చుకోవాలి. పేర్లు ముందే పట్టికలో ఉంటే ప్రతివారూ తమకు అనుకూలమైన ప్రమాణం కోసమే వాదిస్తారు. ప్రమాణాలు కుదిరాక పేర్లు నింపి, అందరి వరసలూ అందరికీ కనబడేలా పంచి, తమ వరసలో తప్పుంటే సరిచేసుకోవడానికి వారం గడువు ఇవ్వండి. ఈ వారం లాంఛనం కాదు. ఒక పద్ధతి న్యాయమైనదని మనుషులకు ఎప్పుడు అనిపిస్తుందో వివరిస్తూ మనస్తత్వవేత్త జెరాల్డ్ లెవెంతాల్ 1980లో ఆరు నియమాలు చెప్పారు. అందరికీ ఒకే తీరు, పక్షపాతం లేకపోవడం, సమాచారం నిజమై ఉండటం వంటి వాటితో పాటు, తప్పు జరిగితే దిద్దుకునే అవకాశం కూడా వాటిలో ఒకటి. మన పట్టికల్లో తరచూ లోపించేది అదే.

పట్టిక ఎక్కడ చెడిపోతుందో కూడా చెబుతాను. మరీ సూక్ష్మంగా లెక్కేస్తే అరగంటల మీద యుద్ధం మొదలవుతుంది. సగటుకు పది శాతం అటూ ఇటూ ఉన్నవాళ్లంతా సమానమే అని ముందే రాసుకోండి. సెమిస్టరు మధ్యలో సవరించకండి. ఏడాదికి ఒక్కసారే. పరిశోధన పత్రాల సంఖ్యను ఇందులో కలపకండి, అది పని గంటల లెక్క కాదు, ఫలితాల లెక్క. తక్కువ గంటలు తేలినవారిని మీటింగులో నిలదీయడానికి ఈ కాగితం ఒక్కసారి వాడినా, మరుసటి ఏడాది అందరూ గంటలు పెంచి రాస్తారు. అధిపతి హోదాలో మీకున్న బోధన గంటల తగ్గింపు ఎంతో మీ వరసలో స్పష్టంగా చూపించండి. అందరూ మొదట చూసేది మీ వరసే.

ఇక మీటింగులు. ఏ విషయం ఎత్తినా పాత గొడవకే చేరుతుందన్నారు. ఇది మీ శాఖకే పట్టిన తెగులు కాదు. మైఖేల్ కోహెన్, జేమ్స్ మార్చ్, జోహాన్ ఓల్సెన్ అనే ముగ్గురు పరిశోధకులు 1972లో విశ్వవిద్యాలయాలను దృష్టిలో పెట్టుకుని ఒక సంగతి వివరించారు. లక్ష్యాలు స్పష్టంగా లేనిచోట, వచ్చిపోయేవాళ్లు మారుతూ ఉండేచోట, నిర్ణయం తీసుకునే ప్రతి సందర్భమూ ఒక చెత్తబుట్టలా మారుతుంది. చోటు దొరకని సమస్యలన్నీ అందులో వచ్చి పడతాయి. మీ సిలబస్ మీటింగులోకి ల్యాబ్ గది తగాదా రావడానికి కారణం, ల్యాబ్ గది గురించి మాట్లాడటానికి వేరే సందర్భం లేకపోవడమే. ‘అది ఇప్పుడొద్దు’ అని అణిచేస్తే మళ్లీ వస్తుంది. దానికంటూ ఒక తేదీ ఇవ్వండి: ‘ల్యాబ్ గదుల కేటాయింపు, ఫలానా బుధవారం, ఈ ఒక్క విషయమే.’ ఆ తేదీని మినిట్స్‌లో, అంటే మీటింగు నిర్ణయాలు రాసే కాగితంలో, ఎక్కించండి, ఆ రోజు నిజంగా మీటింగు పెట్టండి. రెండుసార్లు మాట తప్పకుండా చేస్తే మూడోసారి నుంచి మనుషులు తమ విషయం వచ్చేదాకా ఆగుతారు.

ఎజెండా మూడు పనిదినాల ముందు పంపాలి. ప్రతి అంశం పక్కనా ఒక మాట ఉండాలి: తెలియజేయడానికి, చర్చకు, నిర్ణయానికి. తెలియజేసేవన్నీ మెయిల్లో పంపేసి మీటింగులోంచి తీసేయండి. నిర్ణయించాల్సినవి రెండుకు మించకూడదు, బరువైనది ముందు రావాలి. పెద్ద ఖర్చు విషయం నిమిషాల్లో తేలిపోయి, సైకిళ్ల షెడ్డు లాంటి, అందరికీ అర్థమయ్యే చిన్న విషయం దగ్గర చర్చ సాగుతుందని బ్రిటిష్ రచయిత పార్కిన్సన్ 1957లోనే రాశారు. అలాంటి అంశాలను ఇద్దరికి అప్పగించి తేల్చమనండి. గంటంపావుకు ముగించండి. మినిట్స్ నలభై ఎనిమిది గంటల్లోపు వెళ్లాలి, మూడు గడుల్లో: నిర్ణయం, చేయాల్సిన మనిషి, తేదీ. ఎవరు ఏమన్నారో రాయకండి. రాశారంటే మనుషులు మినిట్స్ కోసమే మాట్లాడటం మొదలుపెడతారు.

అన్నిటికంటే ఎక్కువ మనస్తాపం కలిగించేది మాత్రం ఇంకొకటి. ఖరారైపోయిన నిర్ణయాన్ని చర్చ పేరుతో ముందు పెట్టడం. తమకు వ్యతిరేకంగా నిర్ణయం వచ్చినా, తమ వాదన పూర్తిగా వినిపించే వీలు ఉంటే మనుషులు ఆ పద్ధతిని న్యాయమైనదిగానే చూస్తారని థిబో, వాకర్ల పరిశోధన 1975లోనే చూపించింది. అలా కాకుండా అడిగినట్టు నటించడం మాత్రం అసలు అడగకపోవడం కంటే ఎక్కువ చేటు. అందుకని ఒక పేజీ కాగితం మీద మూడు వరసలు రాసి పంచండి. ఒకటి, నేనొక్కరినే నిర్ణయించేవి: సెలవులు, రోజువారీ సర్దుబాట్లు, అత్యవసర మరమ్మతులు. రెండు, మీ అభిప్రాయం తీసుకుని నేను నిర్ణయించేవి: టైమ్‌టేబుల్, పరికరాల కొనుగోలు ప్రాధాన్యం, కమిటీల బాధ్యతలు. మూడు, శాఖ అంతా కలిసి నిర్ణయించేవి: సిలబస్, వర్క్‌లోడ్ ప్రమాణాలు, ల్యాబ్ కేటాయింపు సూత్రాలు. మీ విశ్వవిద్యాలయ నిబంధనలతో సరిచూసుకుని ఏది ఏ వరసలో పడుతుందో తేల్చండి. యునెస్కో 1997లో ఉన్నత విద్యా బోధకుల హోదాపై ఆమోదించిన సిఫార్సు సహపాలన అన్నదానికి ఇచ్చిన అర్థంలో ఉమ్మడి బాధ్యత, అంతర్గత నిర్ణయాల్లో సంబంధితులందరి భాగస్వామ్యం, సంప్రదింపుల ఏర్పాట్లు ఉన్నాయి. ఆ ఏర్పాటు మీ శాఖ స్థాయిలో ఈ ఒక్క పేజీయే. రెండో వరసలోని విషయాల్లో ఎవరి సూచన ఎందుకు తీసుకోలేకపోయారో రెండు వాక్యాల్లో వారికి చెప్పండి. చాలామంది అధిపతులు ఇది ఎగ్గొడతారు. ఇబ్బందికరం కాబట్టి.

ఆ ఇద్దరు ప్రొఫెసర్ల విషయం. వాళ్లను కలపాలని చూడకండి, ఒకరి మాట మరొకరికి మోయకండి. ఒక్కసారి మోస్తే ఇక మీరే వాళ్ల టపా. నాలుగేళ్ల మౌనం వెనక సాధారణంగా ఈ నాలుగింటిలో ఏదో ఉంటుంది: గదులో పరికరాలో, పరిశోధన పత్రంలో పేరు ఎవరిది ముందు అన్నది, గైడ్‌ను మార్చుకున్న స్కాలర్, లేదా ఒక సెలక్షన్‌లో జరిగిందని ఒకరు నమ్ముతున్న అన్యాయం. మొదటిదైతే మీరు తీర్చగలరు. మిగతావి తీర్చలేకపోయినా వాటి నష్టం విద్యార్థుల మీద పడకుండా ఆపగలరు. విడివిడిగా కలిసి, ‘మీ స్నేహం గురించి అడగడానికి రాలేదు, స్కాలర్ల పని ఆగకూడదు, దాని గురించి వచ్చాను’ అని ముందే చెప్పండి. తర్వాత ఒక పేజీ పని ఒప్పందం రాయండి: ఏయే పరికరాలు ఉమ్మడివి, వాటి బుకింగ్ రిజిస్టరు ఎక్కడ ఉంటుంది, చెడిపోతే మరమ్మతు కోసం ఇండెంట్ (అభ్యర్థన పత్రం) ఎవరు పెడతారు, పేచీ వస్తే ఎన్ని రోజుల్లో ఎవరి దగ్గరికి రావాలి. బుకింగ్ చూసే బాధ్యత వాళ్లిద్దరి స్కాలర్లకు కాకుండా ల్యాబ్ టెక్నీషియన్‌కు అప్పగించండి. ముప్పై రోజులకు ఒకసారి, తొంభై రోజులకు ఒకసారి అమలు ఎలా ఉందో చూడండి. వాళ్లు పలకరించుకోకపోయినా రిజిస్టరు సజావుగా నడిస్తే అది విజయమే.

ఒక హెచ్చరిక. అన్ని తగాదాలూ మీరు సర్దేవి కావు. లైంగిక వేధింపు, వివక్ష, బెదిరింపు, పరిశోధన ఫలితాలు కల్పించడం వంటి ఫిర్యాదు వస్తే ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించడం పెద్ద తప్పు. వచ్చిన రోజే సంబంధిత కమిటీకి లిఖితపూర్వకంగా పంపండి, ఫిర్యాదు చేసినవారికి పంపినట్టు తెలపండి, శాఖలో ఆ మాట ఎత్తకండి. ‘మన శాఖ పరువు’ అని ఆపిన ఫిర్యాదు రేపు విద్యార్థి జీవితాన్నే దెబ్బతీయొచ్చు.

సూపరింటెండెంట్‌తో పొసగకపోవడంలో సగం తప్పు అధ్యాపకుల వైపే ఉండే అవకాశం ఎక్కువ, వినడానికి కష్టంగా ఉన్నా. పని నోటిమాటగా, చివరి గంటలో, ఒకేసారి నలుగురు చెబుతారు. ఆలస్యమైతే ‘ఆఫీసు పని చేయదు’ అంటారు. ఆఫీసుకు వెళ్లే ప్రతి పనీ ఒకే మెయిల్‌కు లేదా ఒకే రిజిస్టరుకు వెళ్లేలా చేయండి. పనికింత వ్యవధి అని సూపరింటెండెంట్‌తోనే రాయించండి. ఉదాహరణకు ప్రశ్నపత్రాల ప్రతులకు మూడు పనిదినాలు, ప్రయాణ బిల్లుకు వారం. ఫైలు ఏ మెట్టులో ఉందో తేదీలతో ఒక పట్టిక గోడ మీద ఉంటే అడగడాలూ విసుక్కోవడాలూ సగం తగ్గుతాయి. సోమవారం ఉదయం ఇరవై నిమిషాలు ఆఫీసు సిబ్బందితో కూర్చోండి, నిలబెట్టి మాట్లాడకండి. కొనుగోళ్లో పరీక్షలో చర్చకు వచ్చినప్పుడు సూపరింటెండెంట్‌ను శాఖ మీటింగుకు పిలవండి. నియమాలు ఆయనకు తెలిసినంత మరెవరికీ తెలియవు, ముందే అడిగితే ఫైలు వెనక్కి రాదు. అటెండర్లకు సొంత పనులు చెప్పే అలవాటు ఎవరికైనా ఉంటే సర్క్యులర్‌తో ఆపండి, మీతో మొదలుపెట్టి.

గెస్ట్ ఫ్యాకల్టీ విషయంలో పని చిన్నదే. టైమ్‌టేబుల్ నెల ముందు ఇవ్వండి, వాళ్ల పారితోషికం బిల్లు నెలాఖరున ఎవరు పెడతారో పేరుతో సహా నిర్ణయించండి, మీటింగులకు పిలవండి, రావడం తప్పనిసరి చేయకండి.

పైనుంచి వచ్చే సర్క్యులర్‌ను వచ్చింది వచ్చినట్టు ఫార్వర్డ్ చేయడం మానేయండి. విద్యాసంస్థల్లో భాగాలు ఒకదానితో ఒకటి వదులుగా ముడిపడి ఉంటాయని సంస్థల పనితీరును అధ్యయనం చేసిన కార్ల్ వీక్ 1976లో చెప్పారు. ఒకచోట కదిపితే ఇంకోచోట కదలిక అంతే బలంగా రాదు. ఆ వదులు వల్లే పైవాళ్ల ప్రతి తొందరా మీ తరగతి గదిని కుదిపేయదు. ఆ వదులు వల్లే అవసరమైన ఆదేశం కూడా దారిలో ఆవిరైపోతుంది. మధ్యలో ఉన్న ముడి మీరు. సర్క్యులర్ పైన మూడు లైన్లు రాయండి: మనం చేయాల్సింది ఇది, చేసేది ఫలానావారు, ఈ తేదీకి. మిగతావాళ్లు చేయాల్సింది లేకపోతే ఆ మాటా రాయండి. ఒకే డేటాను ఆరు నమూనాల్లో అడుగుతారు కాబట్టి, నెలకోసారి తాజా చేసే ఒకే షీటు పెట్టుకుని అందులోంచే అన్నిటికీ ఇవ్వండి. కొత్త బాధ్యత మోపితే డీన్ దగ్గరికి ఆ గంటల పట్టికతో వెళ్లండి. ‘మా వాళ్లకు తీరికలేదు’ అంటే వినరు, ‘ఇది 150 గంటల పని, ఈ రెండింటిలో ఏది ఆపమంటారు’ అంటే వినక తప్పదు.

మార్పు వచ్చిందా అని తెలుసుకోవడానికి సంతృప్తి సర్వేలు పెట్టకండి. ఇరవై రెండు మందిలో ఏ జవాబు ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది, నిజం ఎవరూ రాయరు. బదులుగా నాలుగు అంకెలు సెమిస్టరు చివర చూసుకోండి: సెమిస్టరు మొదలయ్యాక టైమ్‌టేబుల్ ఎన్నిసార్లు మారింది, మినిట్స్‌లోని నిర్ణయాల్లో తేదీకి జరిగినవి ఎన్ని, మార్కులు గడువులోపు ఇచ్చినవారు ఎంతమంది, కమిటీ పనుల్లో ఎన్ని వేర్వేరు పేర్లు ఉన్నాయి. మొదటి సెమిస్టరులో తేడా పెద్దగా ఉండదు. రెండోదాంట్లో నాలుగో అంకె కదలకపోతే పని ఇంకా ఆ ఇద్దరు ముగ్గురి మీదే ఉందని అర్థం. పట్టిక మళ్లీ తెరవండి.

వాట్సాప్ గ్రూపు మూసేయకండి. మూస్తే మీరు లేని రెండు గ్రూపులు పుడతాయి. దాన్ని నోటీసులకు మాత్రమే, అడ్మిన్‌లు మాత్రమే రాసేలా మార్చండి. అడ్మిన్‌లుగా మీరు, సూపరింటెండెంట్, టైమ్‌టేబుల్ చూసేవారు ఉండండి. పని అప్పగింతలు అందులో వద్దు, మెయిల్లోనే ఇవ్వండి. సాయంత్రం ఆరు తర్వాత, సెలవురోజుల్లో ఏదీ పెట్టకండి, పరీక్ష వాయిదా లాంటి అత్యవసరం తప్ప. మార్చే ముందు రోజు ఈ నియమాలు ఒక్క సందేశంగా పెట్టి, అభ్యంతరం ఉన్నవాళ్లు మర్నాడు పదకొండు నుంచి పన్నెండు మధ్య మీ గదికి రావచ్చని రాయండి. ఆ గంట తలుపు తెరిచి కూర్చోండి.